వెనుక నిలబడ్డ ఊరు

మానేరు నీళ్ల కింద ఊరు పోయినవాళ్లు పాత ఫొటో చూసే తీరే వేరు. మనమైతే మొదట ముఖాలు వెతుక్కుంటాం. పెండ్లికొడుకు ఎవరు, పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడ్డ పిల్ల ఎవరు, మేనమామ అప్పట్లో ఎంత సన్నగా ఉండేవాడు అని. వాళ్ల చూపు ముఖాల మీద ఒక్క క్షణం ఆగి, భుజాల మీదుగా వెనక్కి పోతుంది. అక్కడ ఒక మట్టిగోడ ఉంటుంది. గోడకు జాజు, జాజు మీద సున్నపు బొట్లు. దర్వాజ పక్కన గూడు, గూట్లో దీపం మసి. ఇంకొంచెం పక్కకు చేదబావి గిరక, దాని వెనుక సగమే కనిపించే వేపచెట్టు. "ఇగో, గిది మా గల్మ. గీడ్నే మా అత్త కూసుండి బీడీలు చేసేది" అంటుంది వేములవాడ దగ్గరి పునరావాస కాలనీలో ఒక పెద్దమ్మ, ఫొటో మీద గోరు ఆనించి. ఆ పెండ్లి ఎవరిదో చెప్పడం ఆ తర్వాత.

కొదురుపాక, వరదవెల్లి, సంకెపల్లి, అనుపురం, రుద్రవరం, చీర్లవంచ, చింతలఠాణా, కొడుముంజ. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో బస్సు బోర్డుల మీద చదువుకున్న పేర్లు. మాన్వాడ దగ్గర మానేరుకు అడ్డంగా కట్టిన మిడ్ మానేరు జలాశయం నిండాక ఈ పేర్లు కాలనీల పేర్లుగా మిగిలాయి. కొత్త కాలనీల్లో రోడ్లు నేరుగా ఉన్నాయి, ఇండ్లు పక్కా ఇండ్లు. వరదవెల్లి గుట్ట మీది దత్తాత్రేయుడి గుడి చుట్టూ నీళ్లే. ఊరు ఎట్లుండేదో పిల్లలకు చూపించాలంటే ప్రభుత్వ కాగితాల్లో సర్వే నంబర్లు దొరుకుతాయి, ఎకరాలూ గుంటలూ దొరుకుతాయి, నష్టపరిహారం లెక్క దొరుకుతుంది. అత్త కూర్చున్న గడప మాత్రం పెండ్లి ఫొటోలోనే దొరుకుతుంది.

ఈ సంగతి గురించి చాలాసార్లు ఆలోచించాను. ఆ గోడను ఎవరూ ఫొటో తీయలేదు. ఆ బావిని ఫొటో తీయాలని ఎవరికీ తోచి ఉండదు. ఫొటోకు డబ్బులయ్యేవి. నూటయిరవై నంబరు ఫిలిం చుట్టకు చదరపు ఫొటోలు పన్నెండే వచ్చేవి. పన్నెండింట్లో ఒకటి బావి మీద ఖర్చు పెట్టేవాడు ఎవడుంటాడు? అయినా బావి ఫొటోలోకి వచ్చింది. ఎందుకు వచ్చిందంటే ఇంట్లో వెలుతురు లేదు కాబట్టి. అర్రలు చీకటి, కిటికీలు చిన్నవి, అప్పటి ఫిలింకు నిండు వెలుతురు కావాలి, అందరి దగ్గరా ఫ్లాషు ఉండేది కాదు. సిరిసిల్ల నుంచో వేములవాడ నుంచో పెట్టె కట్టుకుని వచ్చిన ఫొటోగ్రాఫర్ అందరినీ వాకిట్లోకి నడవమనేవాడు. జంపఖానా పరిచి, పిల్లలను కింద కూర్చోబెట్టి, పెద్దలకు కుర్చీలు వేసి, మిగతావాళ్లను వెనుక నిలబెట్టేవాడు. పదిహేను ఇరవై మంది ఒక్క ఫొటోలో పట్టాలంటే నాలుగడుగులు వెనక్కి జరగాలి. జరిగిన ప్రతి అడుగుకూ ఇంకాస్త ఇల్లు, ఇంకాస్త వాకిలి, పక్కింటివాళ్ల గూనపెంకలు, కొట్టం, కట్టేసిన బర్రె లోపలికి వచ్చి చేరేవి. ఇంట్లో వెలుతురు లేకపోవడం ఊరిని కాపాడింది.

కొందరు ముచ్చటపడి వెనుక చీరెనో దుప్పటినో పరదాగా కట్టించుకునేవారు. మంచి ఫొటో అంటే వెనుక ఏమీ కనబడకూడదని అప్పటి ఆలోచన. అట్లాంటి ఫొటోల్లో ఇప్పుడు ఆ ఇంటివాళ్లు పరదా అంచు దాటి కనిపించే రెండు వేళ్ల వెడల్పు గోడనే చూస్తుంటారు.

స్టూడియోల సంగతి వేరు. కరీంనగర్‌లో, జగిత్యాలలో, మంచిర్యాలలో, ఆదిలాబాద్‌లో ఒక తరం జ్ఞాపకమంతా ఆ చిన్న గదుల్లో తయారైంది. గోడకు రంగులు వేసిన తెర. తెర మీద తాజ్‌మహల్, లేదంటే మేడమెట్లు, లేదంటే ఎన్నడూ చూడని ఏదో కొండల చెరువు. స్టూలు మీద ప్లాస్టిక్ పూలు, తీగలేని టెలిఫోను. అద్దం పక్కన దువ్వెన, పౌడరు డబ్బా, వచ్చినవాళ్లంతా వేసుకునే ఒకే కోటు. వేములవాడలో రాజన్నకు కోడెను కట్టి మొక్కు తీర్చుకుని బయటకు వచ్చిన కుటుంబాలు గుండ్లతోనే ఆ తెరల ముందు కూర్చునేవి. అందుకే మా ప్రాంతపు పాత ఆల్బముల్లో గుండు పిల్లలు అంతమంది. ఆ గుండును బట్టి పిల్లవాడి వయసు చెప్పే తల్లులు ఉన్నారు: "పుట్టెంటికలు తీసిన నాటి ఫొటో, అప్పటికి వానికి మూడో ఏడు."

స్టూడియో ఫొటోలో ఊరుండదు. మనిషి తనను ఎట్లా చూసుకోవాలనుకున్నాడో అది ఉంటుంది. బీడీలు చుట్టే అమ్మాయి ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చుంది. మరమగ్గం మీద రాత్రిపూట పనిచేసే పిల్లగాడు చేతికి గడియారం పెట్టుకుని, గడియారం కనబడేట్టు చెయ్యి మడిచాడు. గడియారం స్టూడియోదే కావచ్చు. ఆ కోరిక మాత్రం పిల్లగాడిదే. వాకిట్లో తీసిన ఫొటో మనిషి ఎక్కడ బతికాడో చెబితే, స్టూడియో ఫొటో ఎట్లా బతకాలనుకున్నాడో చెబుతుంది. ఒక ఇంట్లో రెండూ ఉంటే ఆ ఇల్లు అదృష్టం చేసుకున్నట్టే.

ఉత్తర తెలంగాణలో ఫొటోకు ఇంత విలువ రావడానికి ఇంకో కారణం, ఇక్కడి మనుషులు ఇంట్లో ఉండలేకపోవడం. సిరిసిల్ల నేతగాళ్లు భివండికి, సోలాపూర్‌కు, సూరత్‌కు పోయారు. 1970ల తర్వాత జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్, ఖానాపూర్ వైపు నుంచి మగవాళ్లు దుబాయి, మస్కట్, సౌదీ బాట పట్టారు. పాస్‌పోర్టు ఫొటో కోసం స్టూడియోకు పోయినవాడు అదే కూర్చునుడులో భార్యాపిల్లలతో ఇంకో ఫొటో దిగేవాడు. ఆ ఫొటో ప్రతులు రెండు: ఒకటి వాడి పెట్టెలో, ఒకటి ఇంటి గోడ మీద. ఆ ఇండ్లల్లో పుట్టిన పిల్లలు నాయినను మొదట చూసింది గోడ మీదే. "నాయిన ఏడి?" అంటే పసివాడు గోడ వైపు వేలు చూపేవాడు. సెలవు మీద వచ్చిన మనిషిని చూసి ఏడ్చి, గోడ మీది మనిషిని చూసి నవ్వేవాడు. ఇది నవ్వులాటకు చెప్పుకునే ముచ్చటలా ఉంటుంది గానీ, ఆ తండ్రి ఆ రాత్రి ఎట్లా పడుకున్నాడో ఎవరూ అడిగి ఉండరు.

వాళ్లు వస్తూ వస్తూ టేప్‌రికార్డరు తెచ్చారు, దుప్పట్లు తెచ్చారు, యాషికా కెమెరా తెచ్చారు. అప్పటినుంచి ఫొటో స్టూడియో తలుపు దాటి ఇంటికి వచ్చింది. పెండ్లీ పండుగా లేని రోజు కూడా ఫొటో తీయవచ్చని ఆ కెమెరాలతోనే తెలిసింది. అవ్వ మక్కకంకులు కాలుస్తూ ఉన్న ఫొటో, చిన్నమ్మ బతుకమ్మ పేరుస్తూ తలెత్తి కోప్పడుతున్న ఫొటో, అన్నం తింటున్న ఫొటో. తీసినవాళ్లు నేర్చినవాళ్లు కారు. తలలు తెగిపోయాయి, నీడ ముందుకు పడింది. అయినా ఆ కాలపు పల్లె రోజువారీ బతుకు మనకు మిగిలిందంటే, రెండేండ్లకోసారి ఇంటికొచ్చి, మళ్లీ పోయేలోగా అన్నీ చూసుకోవాలన్న ఆత్రంలో వాళ్లు నొక్కిన మీటల వల్లే.

ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ముఖం తిప్పుకున్న ముసలమ్మలూ ఉన్నారు. దిగాలని ఉన్నా పిలిచేవాళ్లు లేక దిగనివాళ్లు అంతకంటే ఎక్కువ. నిజాం దర్బారు ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతిలో పెట్టాడు. నవాబుల ఇండ్ల స్త్రీలకు అట్లా పరదా చెదరకుండా ఫొటో దొరికింది. అదే రాజ్యంలో ఎలగందుల జిల్లాలో, అంటే తర్వాతి కరీంనగర్‌లో, నాటు వేసే ఆడమనిషికి ఆ భాగ్యం రావడానికి వందేండ్లు పట్టింది. ఎన్నికల ప్రధాన కమిషనర్ శేషన్ హయాంలో 1993లో ఓటరు గుర్తింపు కార్డులు మొదలయ్యాయి. బడి వరండాలో వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరిని కుర్చీలో కూర్చోబెట్టి, చూడు అనగానే అయిపోయిన ఫొటో. ఎందరో ముసలమ్మలకు బతుకు మొత్తంలో అదే మొదటిది. కొందరికి అదొక్కటే.

వాళ్లు పోయినప్పుడు కొడుకులు ఆ కార్డు పట్టుకుని స్టూడియోకు పోయారు. తపాలా బిళ్ల అంత ముఖాన్ని గోడ పటమంత పెద్దది చేయాలి. మసకబారిన కనురెప్పలు దిద్దాలి, వెనుక ఉన్న బడి గోడను చెరిపి నీలిరంగు నింపాలి, నుదుట పెద్ద బొట్టు పెట్టాలి. ఆ పని చేసే స్టూడియోవాళ్ల ఓపికకు నేను దండం పెడతాను. వాళ్లు కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతారు: "ముక్కుపుల్ల ఎటుదిక్కు పెట్టేది? కొప్పు ఎత్తుగ ఉండేదా?" అతడు చెబుతుంటే వీళ్లు దిద్దుతారు. పదో రోజుకు పటం సిద్ధమవుతుంది. ఆ ముఖంలో కెమెరా చూసింది కొంత, కొడుకు జ్ఞాపకం ఉంచుకున్నది కొంత. దాన్ని నకిలీ అనడానికి నాకు మనసు రాదు.

ఫొటో ఉండడమే భయమైన ఏండ్లు కూడా ఈ నేల చూసింది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అడవికి పోయిన కొడుకు ఉన్న ఇంట్లో అతడి ఫొటో గోడ మీద ఉంటే, సోదాకు వచ్చినవాళ్లకు అది ఆనవాలు. అందుకని తల్లులు వాటిని గుమ్మిలో ధాన్యం అడుగున దాచారు, గుంపు ఫొటోలోంచి ఒక్క ముఖాన్ని కత్తిరించారు, కొందరు పొయ్యిలో పెట్టారు. కత్తిరించిన చోట ఖాళీ అట్లాగే ఉండి, చుట్టూ అన్నదమ్ములు నవ్వుతూ నిలబడ్డ ఫొటో ఈ ప్రాంతంలో ఏ ఇంట్లో కనిపించినా ఎవరినీ కారణం అడగనక్కర్లేదు.

ఇక ఆదిలాబాద్ అడవుల మాట. ఉత్తర తెలంగాణలో కుటుంబ ఫొటోల గురించి రాస్తూ మార్లవాయిని తలచుకోకుండా ఉండలేను. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్‌కు ఆ పని అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. 1948లో ఆదిలాబాద్ రాజగోండుల మీద ఆయన పుస్తకం వచ్చింది. 1970లలో మళ్లీ వచ్చి, మారిన బతుకు చూసి 1979లో ఇంకో పుస్తకం తెచ్చాడు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయి మట్టిలోనే సమాధి చేశారు. 1995లో ఆయన పోయాక అస్థికలూ తర్వాత ఆ పక్కకే చేరాయి. ఇద్దరికీ ఆ ఊరు ఇప్పటికీ ఏటా జనవరి 11న నివాళి అర్పిస్తుంది.

ఆయన తీసిన వేల ఫొటోలు, చలనచిత్రాలు, డైరీలు లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన సోయాస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. అందులో ఆదిలాబాద్ గోండులవి ఎన్నో. దండారి ఆటలు, నెమలి ఈకల టోపీల గుస్సాడీలు, పెండ్లిళ్లు, పెద్ద దేవుడు పెర్సపేన్ పూజలు, వెదురు తడికెల ఇండ్లు, పాలు తాగుతున్న పిల్లలు. ఆయనకు అవి శాస్త్రం కోసం తీసినవి. మార్లవాయి వాళ్లకు అవి తాత ఫొటో, మేనత్త ఫొటో. ఏ గోడకూ తగిలించని ఇంటి ఆల్బం అది, సముద్రాల అవతల పెట్టెల్లో ఉండిపోయింది. ఆ ఊరి బిడ్డే కనకరాజు. గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ అందుకుని 2024 అక్టోబర్‌లో కన్నుమూశారు. ఎనభై ఏండ్ల నాటి గుస్సాడీల ఫొటోలో టోపీ కట్టు ఎట్లుంది, మెడలో ఏ పూసలున్నాయి, చేతికర్ర పొడవెంత అన్నది చూసి చెప్పగలిగిన కండ్లు అట్లాంటి పెద్దలవి. ఫొటో మిగిలి, దాన్ని చదివే పెద్దలు ఒక్కొక్కరే తరలిపోతున్నారు. నన్ను కలవరపెట్టేది అదే.

గోండులకు ఈ కలవరం కొత్తేమీ కాదు, దానికి వాళ్లు ఎన్నడో ఉపాయం చేసుకున్నారు. పర్ధాన్లు, తోటీలు తరతరాలుగా వంశం కథను కిక్రి వాయిస్తూ పాడతారు. మైదానంలో వంశరాజులు ఊరూరూ తిరిగి ఇంటిపేరూ గోత్రమూ తాతముత్తాతల పేర్లూ చెప్పి, దానికి ధాన్యం తీసుకుపోయేవారు. పటం కథలవాళ్లకు నకాషీలు వేసి ఇచ్చిన బట్ట చుట్టలో కులపురాణం బొమ్మలుగా ఉండేది. చూడండి, వీటిలో ఒక్కటీ నోరు లేకుండా నడవదు. బొమ్మ ఉంటే పక్కన చెప్పేవాడు ఉన్నాడు. ఫొటో వచ్చాక ఆ చెప్పేవాడి పని మనింటి పెద్దల మీద పడింది. ఆ పని వాళ్లదని వాళ్లకు మనం చెప్పలేదు.

అందుకని పాత ఫొటోలు దాచుకోవాలి అని ఎవరైనా అన్నప్పుడు నాకు కాగితం కంటే ముందు కూర్చోవడం గుర్తుకొస్తుంది. సంక్రాంతికి అందరూ ఇంటికి వచ్చినప్పుడు ఆల్బం తీసి అమ్మమ్మ పక్కన కూర్చుని, ఫోన్‌లో రికార్డు మీట నొక్కి, ఒక్కో ఫొటో చూపిస్తూ ఊరికే వినాలి. ఎవరు అని మాత్రమే అడిగితే ఆమె పేరు చెప్పి ఊరుకుంటుంది. వెనుక ఏముంది అని అడిగితే ఊరంతా చెబుతుంది.

కాగితం సంగతీ చెప్పాలి, అది మెత్తటి ప్రాణం. నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ కట్టింది వెండి. సరిగ్గా కడిగి ఆరబెట్టినదైతే మన మనుమల కాలందాకా నిలుస్తుంది. రంగుల ఫొటోలో ఉన్నవి రసాయన రంగులు. 1970, 80లలో వేసిన రంగుల ప్రతుల్లో నీలివన్నె ముందుగా చచ్చిపోతుంది, చీకట్లో దాచినా సరే. అందుకే ఆనాటి పెండ్లి ఆల్బములు తెరిస్తే మనుషులంతా ఎర్రగా కనిపిస్తారు. అంటే తాత ఫొటో కంటే ముందు అక్క పెండ్లి ఫొటోకు ఆపద. స్కాన్ చేయించాలనుకుంటే రంగులవాటితో మొదలుపెట్టాలి. అతుకుడు పేజీల మీద ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బములు చూడటానికి బాగుండేవి. వాటి జిగురే ఫొటోను పసుపు పట్టిస్తుంది. వస్తే మెల్లగా తీయాలి, రాకపోతే లాగకుండా పేజీతో సహా ఫొటో తీసుకోవాలి. అద్దం పటాల్లో ఫొటో అద్దానికి ఆని ఉంటే వానాకాలం చెమ్మకు అంటుకుపోతుంది. మధ్యలో అట్ట చట్రం ఉండాలి. మట్టిగోడకు తగిలించిన పటం వెనుక చెద పట్టిందేమో ఏడాదికోసారైనా దించి చూడాలి.

2022 జూలైలో గోదావరి పొంగి మంచిర్యాల కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు, బియ్యంతో బట్టలతో పాటు ఆల్బములూ నానాయి. నానిన ఫొటోలను ఎండలో పెట్టగూడదు, ఒకదాని మీద ఒకటి ఆరనివ్వనూగూడదు. అట్లా ఆరితే విడిపోవు. తడిగా ఉన్నప్పుడే చల్లటి మంచినీళ్లలో మెల్లగా విడదీసి, బొమ్మ మీద వేలు రుద్దకుండా బురద పోనిచ్చి, నీడలో బొమ్మ పైకి ఉండేట్టు పరవాలి. జపాన్‌లో 2011 సునామీ తర్వాత వాలంటీర్లు బురదలో దొరికిన లక్షల కుటుంబ ఫొటోలను ఇట్లాగే కడిగి, బడి హాళ్లలో పరిచి, సొంతదారులు వచ్చి వెతుక్కునేట్టు చేశారు. ఇండ్లు పోయినవాళ్లు గంటల తరబడి ఆ వరుసల మధ్య నడిచారు. తమది దొరకనివారు పక్కింటివాళ్లది గుర్తుపట్టి చెప్పారు.

మన దగ్గర కూడా ఒకరి ఫొటో ఇంకొకరింట్లో ఉంటుంది. మునిగిన ఊళ్ల విషయంలో ఇది మరీ నిజం. సంకెపల్లి పెండ్లికి వచ్చిన బంధువు చొప్పదండిలోనో హుజూరాబాద్‌లోనో ఉంటాడు. అతడి ఆల్బంలో సంకెపల్లి వీధి ఉంటుంది. అదీ లేకపోతే ఫొటో తీసిన స్టూడియోలో నెగెటివ్ ఉంటుంది. పాత స్టూడియోలు డిజిటల్ వచ్చాక మూతపడ్డాయి, కొన్ని జిరాక్సు దుకాణాలుగా మారాయి. అటక మీది నెగెటివ్ డబ్బాలు మాత్రం చాలాచోట్ల ఇంకా ఉన్నాయి. వేడికి ముడుచుకుంటూ, ఒకదానికొకటి అంటుకుంటూ. కవరు మీద ఊరిపేరు, తేదీ, బాకీ ఎంతో రాసి ఉంటుంది. ఎవరి పెండ్లి ఎప్పుడు ఎక్కడ జరిగిందో చెప్పే అంతకంటే నమ్మకమైన దస్తావేజు ఈ జిల్లాల్లో ఇంకోటి లేదు.

కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఉంది. చరిత్ర చదివే పిల్లలు ఉన్నారు. వేసవి సెలవుల్లో సిరిసిల్ల, వేములవాడ, జగిత్యాల, లక్సెట్టిపేట స్టూడియోల అటకలు ఎక్కి ఆ డబ్బాలు దించవచ్చు. సొంతదారుడిని అడిగి, కవరు మీది రాత చెరిగిపోకుండా ముందు దాన్ని రాసుకుని, నెగెటివ్‌లను అంచులు పట్టుకుని తీసి, స్కాన్ చేసి, మళ్లీ వాళ్ల డబ్బాలో వాళ్లకే పెట్టి రావచ్చు. ఆ తర్వాత ఆ ఫొటోలను పునరావాస కాలనీలకు తీసుకుపోయి పెద్దమ్మల ముందు పెట్టాలి. పని ఎండాకాలంలోనే కావాలి. వానలు పడితే అటక మీది డబ్బాలకు చెమ్మ పడుతుంది, పెద్దమ్మలు నాట్లకు పోతారు.